టెలిస్కోప్‌లోంచి చందమామ ఫొటో: ఫోన్ చాలా, డీఎస్‌ఎల్‌ఆర్ కావాలా, ప్లానెటరీ కెమెరా కొనాలా?

ముందు కెమెరా సంగతి పక్కన పెట్టి ఒక్కటి తేల్చుకోండి. మీకు కావాల్సింది చందమామ మొత్తం ఒకే ఫొటోలో రావడమా, లేకపోతే ఒక్క క్రేటర్‌నో (చంద్రుడి మీది గుండ్రటి గుంట) ఒక్క కొండల వరసనో దగ్గరగా పట్టుకోవడమా? ఈ రెండూ వేరే వేరే పనులు, వీటికి కావాల్సిన సామాను కూడా వేరు, చాలామంది ఇది తేల్చుకోకుండానే ఏ కెమెరా మంచిది అని వెతకడం మొదలెడతారు, అక్కడే డబ్బు తప్పు చోట పడుతుంది. నా దగ్గర ఇప్పుడు 8 అంగుళాల డాబ్సోనియన్ (కింద పెట్టి చేత్తో తిప్పే అద్దం టెలిస్కోప్) ఉంది, ఫోకల్ లెంత్, అంటే అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటుకి ఉన్న దూరం, 1200 ఎంఎం, అంతకుముందు 130 ఎంఎం చిన్న న్యూటోనియన్ (ఇదీ అద్దం టెలిస్కోపే) ఉండేది. ఈ రెండిట్లోనూ ఫోన్‌తో తీశాను, డీఎస్‌ఎల్‌ఆర్‌తో తీశాను, తర్వాత ప్లానెటరీ కెమెరాతో (టెలిస్కోప్‌కి బిగించి లాప్‌టాప్‌కి వీడియో పంపే చిన్న కెమెరా) తీశాను, అన్నీ మా డాబా మీంచే, ట్రాకింగ్ మోటార్ లేకుండానే. కాబట్టి కింద చెప్పేదంతా మామూలు ఇంటి మనిషి మామూలు డాబా మీద చేసుకోగలిగేదే.

ఒక చిన్న లెక్క ఉంది, ఇది వస్తే సగం అయోమయం పోతుంది. మీ టెలిస్కోప్ ఫోకల్ లెంత్‌ని 110తో భాగించండి, సెన్సర్ మీద చందమామ ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పు పడుతుందో వచ్చేస్తుంది. చందమామ ఆకాశంలో దాదాపు అర డిగ్రీ ఉంటుంది కాబట్టి ఈ లెక్క. నా 1200 ఎంఎం డాబ్‌లో 11 మిల్లీమీటర్లు, 650 ఎంఎం ఉన్న 130 న్యూటోనియన్‌లో 6 మిల్లీమీటర్లు, 1500 ఎంఎం ఉన్న 127 మాక్సుటోవ్‌లో దాదాపు 13.6, 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్‌లో 2032 ఎంఎం కాబట్టి 18.5 (ఈ చివరి రెండూ లెన్స్, అద్దాలు కలిసిన పొట్టి టెలిస్కోప్‌లు). ఇప్పుడు కెమెరా వైపు చూడండి, మామూలు ఏపీఎస్-సీ డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సర్ ఎత్తు 15 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అందులో డాబ్ చందమామ హాయిగా పడుతుంది, మాక్ చందమామ అంచులు రాసుకుంటూ పడుతుంది, ఆ ష్మిట్-కాసెగ్రెయిన్ చందమామ పట్టనే పట్టదు. అదే మొదటి మెట్టు ప్లానెటరీ కెమెరా తీసుకుంటే, ఉదాహరణకి జెడ్‌డబ్ల్యూఓ ఏఎస్‌ఐ120 లాంటిది, సెన్సర్ 4.8 బై 3.6 మిల్లీమీటర్లే. నా డాబ్‌లో దానితో చందమామ మొత్తం కావాలంటే పన్నెండు పదిహేను ముక్కలుగా తీసి అతికించాలి. అంటే ఖరీదైన ప్రత్యేక కెమెరా కొన్నవాడికి నిండు చంద్రుడు ఒక్క ఫొటోలో రాడు, పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాడికి ఒక్క క్లిక్‌లో వస్తాడు. అదే దగ్గరగా క్రేటర్ల విషయానికొస్తే ఇది సరిగ్గా తిరగబడుతుంది.

ఇక ఫోన్. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను ఒప్పుకోను. టెలిస్కోప్ కొత్తగా కొన్నవాళ్ళు కనీసం మూడు నాలుగు నెలలు ఫోన్‌తోనే తీయండి, ఎందుకంటే ఇంకేమీ కొనక్కర్లేదు, పైగా వెలుగు, ఫోకస్, గాలి కదలిక అన్నీ దీంతోనే అర్థమవుతాయి. మా మేనల్లుడు సెలవులకి వచ్చినప్పుడు ఫోన్‌ని ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) దగ్గర పెట్టి టకటకా ఓ ముప్పై తీశాడు, అన్నిట్లోనూ తెల్లటి బల్బు తప్ప ఏమీ లేదు, మామయ్యా నీ టెలిస్కోప్ పాడైపోయిందేమో అన్నాడు. తప్పు టెలిస్కోప్‌ది కాదు, ఫోన్‌ది కూడా కాదు. చుట్టూ నల్లగా ఉండేసరికి ఫోన్ ఇదేదో చీకటి గది అనుకుని వెలుగు పెంచేస్తుంది. స్క్రీన్ మీద చంద్రుడి మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ అవుతాయి, అప్పుడు పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని కిందకి లాగితే వెలుగు తగ్గి సముద్రాలు అని పిలిచే నల్లటి మైదానాలు, క్రేటర్లు బయటికొస్తాయి. వాడికి అది చూపించాక రెండు నిమిషాల్లో వచ్చిన ఫొటో ఇప్పటికీ వాడి వాల్‌పేపర్.

ప్రో మోడ్ ఉన్న ఫోన్ అయితే ఇంకా మంచిది, ఐఎస్‌ఓ 50 లేదా 100 దగ్గర పెట్టి షట్టర్ 1/125 తో మొదలుపెట్టి అటూ ఇటూ జరుపుకోండి. చేత్తో బటన్ నొక్కితే టెలిస్కోప్ ఊగుతుంది కాబట్టి 3 సెకన్ల టైమర్ పెట్టండి. కొన్ని ఫోన్లలో చందమామని గుర్తుపట్టి తనే మెరుగులు దిద్దే ఏఐ సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆపేయండి, ఎందుకంటే మీ టెలిస్కోప్ చూపించిన వివరం ఏదో ఫోన్ చేర్చింది ఏదో తెలియకుండా పోతుంది, ఇంత కష్టపడి తీసేది మన కంటికి కనిపించినదాన్నే కదా. కెమెరాలు రెండు మూడు ఉన్న ఫోన్లు మధ్యలో తమంతట తాము లెన్స్ మార్చేస్తుంటాయి, మెయిన్ లెన్స్ మీదే ఉండేలా చూసుకోండి.

హోల్డర్ లేకుండా చేత్తో పట్టుకుని తీయడం, హోల్డర్‌తో తీయడం, ఈ రెండిటికీ మధ్య తేడా రెండు ఫోన్ల మధ్య తేడా కంటే ఎక్కువ. ఐపీస్‌లోంచి వచ్చే కాంతి కొన్ని మిల్లీమీటర్ల సన్నటి కిరణంగా వస్తుంది, ఫోన్ లెన్స్ సరిగ్గా దాని మధ్యలో, సరైన దూరంలో ఉండాలి, అర మిల్లీమీటరు జరిగినా పక్కన నల్లటి నీడ పడుతుంది, చేత్తో అది నిలబడదు. హోల్డర్లలో రెండు రకాలున్నాయి, ఒకటి మామూలు బిగింపు, ఇంకోటి మూడు వైపులా మరలు తిప్పి జరుపుకునేది. సెలెస్ట్రాన్ వాళ్ళ నెక్స్‌వైజెడ్ రెండో రకం. తరచుగా తీసేవాళ్ళు రెండో రకమే తీసుకోండి, మామూలుది ప్రతిసారీ సర్దుకోవడానికే పావుగంట తింటుంది, ఆ లోపు చంద్రుడు ఐపీస్‌లోంచి ఎన్నిసార్లు జారిపోతాడో. ఇప్పటి ఫోన్లు బరువు కదా, చిన్న టెలిస్కోప్‌లకి ఆ బరువుకి ముక్కు కిందకి వాలిపోతుంది, వెనకవైపు ఏదన్నా బరువు కట్టుకోండి. నేను 130కి బియ్యం నింపిన చిన్న గుడ్డ సంచి కట్టేవాణ్ణి, బాగా పనిచేసింది.

ఏ ఐపీస్ పెట్టాలి అంటే, నిండు చంద్రుడికి 25 ఎంఎం, క్రేటర్లకి 10 నుంచి 15 ఎంఎం. నా డాబ్‌లో 25 ఎంఎం పెడితే 48 రెట్లు, చందమామ చుట్టూ ఖాళీ ఉండి అందంగా కనిపిస్తుంది. 10 ఎంఎం పెడితే 120 రెట్లు, మొత్తం పట్టదు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది, 25 ఎంఎం పెట్టినప్పుడు ఐపీస్‌లోంచి వచ్చే కాంతి కిరణం నా డాబ్‌లో 4 మిల్లీమీటర్ల పైన ఉంటుంది, చాలా ఫోన్ల లెన్స్ రంధ్రం అంతకంటే చిన్నది, అంటే అద్దం పోగుచేసిన కాంతి అంతా ఫోన్‌లోకి వెళ్ళట్లేదు, 8 అంగుళాల టెలిస్కోప్ ఉన్నా అంతకంటే చిన్న టెలిస్కోప్‌తో తీసినట్టే అవుతుంది. ఐపీస్ పవర్ పెంచితే కిరణం సన్నబడి మొత్తం ఫోన్‌లోకి వెళ్తుంది. నా ఫోన్ ఫొటోల్లో 12 ఎంఎంతో తీసిన క్రేటర్లే ఎక్కువ పదునుగా ఉంటాయి, దానికి ఇదీ ఒక కారణమే.

డీఎస్‌ఎల్‌ఆర్ లేదా మిర్రర్‌లెస్ విషయానికొస్తే నా మాట సూటిగా ఇది: ఇంట్లో ఉంటే తప్పకుండా వాడండి, చందమామ కోసమని మాత్రం కొత్తగా కొనకండి. ఉన్నవాళ్ళకి కావాల్సింది టీ-రింగ్ (కెమెరాకి లెన్స్ బదులు బిగించే రింగు), దానికి బిగించే 1.25 అంగుళాల గొట్టం, అంతే, ఐపీస్ తీసేసి కెమెరా బాడీని నేరుగా ఫోకసర్‌లో (ఐపీస్ పెట్టే, లోపలికీ బయటికీ జరిగే గొట్టం) పెట్టడమే. టెలిస్కోపే లెన్స్ అయిపోతుంది.

అయితే న్యూటోనియన్, డాబ్ ఉన్నవాళ్ళు కొనేముందు ఇది చదవండి. చాలా న్యూటోనియన్లు కంటితో చూడ్డానికే తయారుచేస్తారు, అందుకని కెమెరా పెట్టాక ఫోకసర్‌ని ఎంత లోపలికి నొక్కినా ఫోకస్ కుదరదు, ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి వెళ్ళాలనిపిస్తుంది, అక్కడ చోటు ఉండదు. నాకు రెండిట్లోనూ ఇదే జరిగింది, మొదటి రాత్రి ఏదో విరిగిపోయిందనే అనుకున్నాను. 2 రెట్ల బార్లో (ఫోకల్ లెంత్ పెంచే లెన్స్) పెడితే ఫోకస్ దొరుకుతుంది, కానీ అప్పుడు ఫోకల్ లెంత్ 2400 అవుతుంది, చంద్రుడు 22 మిల్లీమీటర్లు అవుతాడు, ఏపీఎస్-సీలో పట్టడు. అంటే ఏ సుఖం కోసం డీఎస్‌ఎల్‌ఆర్ పెట్టామో ఆ సుఖమే పోయింది. కొన్ని బార్లోల్లో లెన్స్ ముక్క విడిగా విప్పి నేరుగా కెమెరా గొట్టానికి బిగించుకోవచ్చు, అప్పుడు 1.5 రెట్ల దగ్గర ఆగుతుంది, 1200 కాస్తా 1800, చంద్రుడు 16 మిల్లీమీటర్లు, అంచు కాస్త కోసుకుపోతుంది, రెండు ఫొటోలు తీసి కలుపుకోవచ్చు. రిఫ్రాక్టర్ (అద్దం బదులు ముందు లెన్స్ ఉండేది), మాక్సుటోవ్, ష్మిట్-కాసెగ్రెయిన్ ఉన్నవాళ్ళకి ఈ గొడవే లేదు.

సెట్టింగ్స్‌కి పాత ఫొటోగ్రాఫర్ల సూత్రం ఒకటుంది, పున్నమి చంద్రుడికి ఎఫ్/11 దగ్గర ఐఎస్‌ఓ 100 అయితే షట్టర్ 1/100, ఐఎస్‌ఓ 200 అయితే 1/200. నా డాబ్ బార్లో లేకుండా ఎఫ్/6 (ఫోకల్ లెంత్‌ని వ్యాసంతో భాగిస్తే వచ్చేది) కాబట్టి ఐఎస్‌ఓ 100 దగ్గర 1/320 వరకు వెళ్ళొచ్చు. కానీ ఇది పున్నమికే. అర చంద్రుడు పున్నమి వెలుగులో సగం ఇస్తాడనుకుంటాం, నిజానికి దాదాపు పదో వంతే ఇస్తాడు, నీడలు అంత ఉంటాయి మరి, అందుకని అష్టమి నాడు షట్టర్ తెరిచి ఉండే సమయం బాగా పెంచుకోవాలి. రా ఫార్మాట్‌లో తీయండి, లైవ్ వ్యూలో జూమ్ చేసి ఫోకస్ చేయండి, అద్దం ఎగిరే దెబ్బకి బొమ్మ అదురుతుంది కాబట్టి లైవ్ వ్యూలోనే ఉంచి 2 సెకన్ల టైమర్‌తో నొక్కండి. ఒక్కటి తీసి ఆగిపోకుండా యాభై వంద తీయండి, వాటిని తర్వాత కలిపితే వచ్చేది ఏ ఒక్క ఫొటో కన్నా ఎంతో శుభ్రంగా ఉంటుంది. పదును బాగా వచ్చిన రాత్రి 24 మెగాపిక్సెల్ కెమెరాలో చంద్రుడి వెడల్పు నాకు వేల పిక్సెల్స్ వచ్చింది, ప్రింట్ తీసి గోడకి పెట్టుకున్నాం.

ఇప్పుడు ప్లానెటరీ కెమెరా, నాకు మనసు ఎక్కువ ఉన్నది దీని మీదే. ఇది ఎందుకు అంత బాగా పనిచేస్తుందో అర్థం కావాలంటే ముందు గాలి సంగతి తెలియాలి. చెరువు నీళ్ళ అడుగున గులకరాయిని పైనుంచి చూసినట్టు ఉంటుంది మన పరిస్థితి, పైన వాతావరణం కదులుతూనే ఉంటుంది, చందమామ అంచు ఉడుకుతున్నట్టు అలలు అలలుగా కనిపిస్తుంది. కానీ నీళ్ళు ఒక్కోసారి క్షణంపాటు నిలిచినప్పుడు గులకరాయి మీద గీత కూడా కనిపిస్తుంది చూడండి, అలాంటి క్షణాలు గాలిలో కూడా వస్తాయి, సెకనులో వందో వంతు. ప్లానెటరీ కెమెరా సెకనుకి అరవై, వంద ఫ్రేములు కుదించకుండా తీసి లాప్‌టాప్‌కి పంపిస్తుంది, ఒక నిమిషంలో వేల ఫ్రేములు, అందులో గాలి నిలిచిన క్షణాల్లో పడినవి సాఫ్ట్‌వేర్ ఏరుకుంటుంది, పది నుంచి ఇరవై శాతం మాత్రం తీసుకుని ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. ఒక్క ఫొటోతో ఇది సాధ్యం కాదు, ఆ ఒక్క క్షణం మంచిదో కాదో మన చేతిలో లేదు కదా. మొదటిసారి ఇలా చేసినప్పుడు నా డాబ్‌లో ప్లేటో క్రేటర్ అడుగున చిన్న చిన్న గుంటలు కనిపించాయి, అవి రెండు కిలోమీటర్ల దగ్గర ఉంటాయి, ఐపీస్‌లో ఎన్ని రాత్రులు వెతికినా నాకు దొరకనివి అవి.

దీనికీ ఒక హద్దుంది. టెలిస్కోప్ వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని 116ని దానితో భాగిస్తే ఎన్ని ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వివరం పట్టగలదో వస్తుంది, చందమామ దూరంలో ఒక ఆర్క్ సెకను అంటే 1.86 కిలోమీటర్లు. 70 ఎంఎంకి దాదాపు 3 కిలోమీటర్లు, 130కి 1.7, నా 200కి 1.1. కొనే కెమెరా ఏదైనా ఈ గీత దాటించలేదు. అందుకే 70 ఎంఎం టెలిస్కోప్ ఉన్నవాళ్ళు ప్లానెటరీ కెమెరా మీద ఖర్చు పెట్టకుండా ఆ డబ్బు దాచుకుని పెద్ద టెలిస్కోప్‌కి వెళ్ళడమే మేలు అంటాను.

కెమెరాల మధ్య ఏది అంటే, పిక్సెల్ సైజు చూడండి. మైక్రాన్లలో ఉన్న పిక్సెల్ సైజుని 5తో గుణిస్తే మీ టెలిస్కోప్ ఎఫ్ సంఖ్య దాదాపు అక్కడ ఉండాలి. 3.75 మైక్రాన్ల ఏఎస్‌ఐ120, ఏఎస్‌ఐ224 లాంటివాటికి ఎఫ్/18 దగ్గర, 2.9 మైక్రాన్ల ఏఎస్‌ఐ662, ఏఎస్‌ఐ585కి ఎఫ్/14 దగ్గర, 2 మైక్రాన్ల ఏఎస్‌ఐ678కి ఎఫ్/10 దగ్గర. ఇది గీసిన గీత కాదు, కాస్త తక్కువైనా ఫర్వాలేదు. 127 మాక్ ఎఫ్/12 కాబట్టి 2.9 మైక్రాన్ల కెమెరాతో బార్లో లేకుండానే సరిపోతుంది, నా డాబ్ ఎఫ్/6కి 2 రెట్ల బార్లో పెడితే ఎఫ్/12, అదే కెమెరా. చందమామ ఒక్కటే లక్ష్యమైతే సెన్సర్ పెద్దగా ఉన్నది ఎంచుకోండి, 585లో సెన్సర్ 11 బై 6 మిల్లీమీటర్లు, ముక్కలు తక్కువ పడతాయి. గురుడు, శని ఎక్కువ తీసేవాళ్ళకి చిన్న సెన్సర్ చాలు. కలర్ ముఖ్యమా మోనో (నలుపు తెలుపు) ముఖ్యమా అని అడిగితే, చందమామకి రంగు అంటూ పెద్దగా లేదు, మోనో కెమెరాకి ఎరుపు లేదా ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ పెడితే గాలి కదలిక కూడా తక్కువ కనిపిస్తుంది, ఎరుపు కాంతి నీలం కంటే తక్కువ చెదురుతుంది. కానీ ఒక్కటే కెమెరా కొనేవాళ్ళు కలరే కొనండి, శని, గురుడు కూడా తీయాలనిపిస్తుంది రేపు. ఇంకోటి, ఎలక్ట్రానిక్ ఐపీస్ పేరుతో వచ్చే చవక యూఎస్‌బీ కెమెరాల జోలికి పోకండి, వాటికంటే మీ ఫోన్ ఎంతో నయం.

దీనితో వచ్చే బరువు కూడా చెప్పాలి. డాబా మీదకి లాప్‌టాప్ ఎక్కాలి, దానికి టేబుల్, కరెంటు వైరు. ఏఎస్‌ఐ120 లాంటి చిన్న కెమెరానే సెకనుకి 60 ఫ్రేములతో ఒక నిమిషం తీస్తే 4 జీబీ దాటుతుంది, 1920 బై 1080 కెమెరా సెకనుకి వంద ఫ్రేములు తీస్తే నిమిషానికి 12 జీబీ. ఎస్‌ఎస్‌డీ, యూఎస్‌బీ 3 లేని లాప్‌టాప్‌లో ఫ్రేములు జారిపోతూ ఉంటాయి, కొనేముందు అది చూసుకోండి. షార్ప్‌క్యాప్, ఫైర్‌క్యాప్చర్ రెండూ వీడియో తీయడానికి, ఏరి పేర్చడానికి ఆటోస్టాకర్ట్, పదును పెట్టడానికి రెజిస్టాక్స్, వీటన్నిటినీ డబ్బు పెట్టకుండానే మొదలుపెట్టొచ్చు. ఫోన్ వీడియోని కూడా పిప్ అనే దానిలో మార్చుకుని ఆటోస్టాకర్ట్‌కి ఇవ్వొచ్చు, కాబట్టి కెమెరా కొనకముందే ఈ విద్య మొత్తం ఫోన్ వీడియోతో నేర్చుకోండి, అప్పుడు తెలుస్తుంది మీకు ఈ కూర్చుని చేసే పని ఇష్టమా కాదా అని. కొంతమందికి ఐపీస్ దగ్గర నిలబడటమే ఇష్టం, వాళ్ళకి ఈ కెమెరా అక్కర్లేదు.

ట్రాకింగ్ లేకుండా కుదురుతుందా? చందమామకి కుదురుతుంది. ఆకాశం సెకనుకి దాదాపు 15 ఆర్క్ సెకన్లు జరుగుతుంది, చంద్రుడు తన వెడల్పంత దూరం రెండు నిమిషాల్లో దాటుతాడు. 1/125 షట్టర్‌లో ఆ జరుగుడు ఆర్క్ సెకనులో ఎనిమిదో వంతు, ఎవరికీ కనపడదు. నిండు చంద్రుడికైతే అసలు ఆలోచించక్కర్లేదు. బార్లో పెట్టి చిన్న సెన్సర్‌తో తీసేటప్పుడే కష్టం, నా డాబ్ 2400 దగ్గర 4.8 మిల్లీమీటర్ల సెన్సర్ మీద ఒక క్రేటర్ ఈ చివర నుంచి ఆ చివరకి 27 సెకన్లలో వెళ్ళిపోతుంది. నేనేం చేస్తానంటే క్రేటర్‌ని ఒక అంచున పెట్టి చేతులు తీసేసి ఊగుడు ఆగాక రికార్డ్ నొక్కుతాను, పదిహేను సెకన్లు వస్తుంది, మళ్ళీ జరుపుతాను, ఇలా ఆరేడు ముక్కలు. సాఫ్ట్‌వేర్ కదలికని సర్దేస్తుంది. కాబట్టి 130 ట్రాకింగ్ ఉన్నదా 200 డాబ్ ట్రాకింగ్ లేనిదా అని ఊగిసలాడేవాళ్ళకి, చందమామ కోసమైతే నేను డాబే అంటాను. జాగా లేని అపార్ట్‌మెంట్ బాల్కనీ వాళ్ళకి 127 మాక్, చిన్నది, అద్దాలు సర్దే పని దాదాపు ఉండదు, కాకపోతే లోపలి గాలి చల్లబడటానికి ముందే బయట పెట్టి ఓ ముప్పావుగంట ఆగాలి. ఒక్కదానికి మాత్రం దూరంగా ఉండండి, ట్యూబ్ పొడవు అర మీటరే ఉండి పెట్టె మీద ఫోకల్ లెంత్ 1000 ఎంఎం అని రాసి ఉండే 114, 127 న్యూటోనియన్లు, ఫోకసర్‌లో ఒక లెన్స్ దాచి ఆ పొడవు తెప్పిస్తారు, అద్దాలు సర్దుకోవడం నరకం, బొమ్మ మెత్తగా వస్తుంది.

ఏ రోజు తీయాలి అన్నది కెమెరా కంటే పెద్ద ఎంపిక, దీనికి మనింట్లో గోడ క్యాలెండర్ కంటే మంచి యాప్ లేదు. పున్నమి నాడే తీయాలనుకుంటారు అందరూ, ఆ రోజు సూర్యుడు మన వెనకనుంచి తిన్నగా కొడుతుంటాడు కాబట్టి నీడలే ఉండవు, క్రేటర్లు చదునుగా మరకల్లా కనిపిస్తాయి, టైకో క్రేటర్ నుంచి చిమ్మినట్టుండే తెల్లటి గీతలు తీయడానికి తప్ప పున్నమి క్రేటర్లకి పనికిరాదు. అసలు అందం వెలుగు చీకటి కలిసే గీత దగ్గర ఉంటుంది. ఒక్కో తిథికి చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరుగుతాడు, అంటే ఆ గీత కూడా చంద్రుడి మీద అంతే జరుగుతుంది, అందుకని ఏ తిథికి ఏ క్రేటర్ మీద తెల్లవారుతుందో దాదాపు ముందే చెప్పొచ్చు. శుక్ల షష్ఠికి థియోఫిలస్, సిరిల్లస్, కాథరినా మూడూ వరసగా. అష్టమికి కొన్ని గంటలు మాత్రం కనిపించే ఎక్స్ ఆకారపు వెలుగు, ఆపైన అపెనైన్ కొండలు. నవమికి ప్లేటో, క్లేవియస్, టైకో, స్ట్రెయిట్ వాల్ అనే 110 కిలోమీటర్ల నిలువు గీత, నన్నడిగితే నెలలో ఒక్క రాత్రే ఖాళీ దొరికితే ఆ రాత్రి నవమి కావాలని కోరుకుంటాను. దశమికి 93 కిలోమీటర్ల కోపర్నికస్, ఏకాదశి, ద్వాదశుల్లో గాసెండి, అరిస్టార్కస్. క్యాలెండర్‌లో ఆ రోజు పేరు సూర్యోదయానికి ఉన్న తిథిది, సాయంత్రానికి మారిపోయి ఉండొచ్చు, కింద చిన్న అక్షరాల్లో ఎన్ని గంటల వరకో ఉంటుంది, అది చూసుకోండి. చంద్రుడు కొంచెం అటూ ఇటూ ఊగుతాడు కాబట్టి అర రోజు ముందూ వెనకా అవుతుంది.

గాలి విషయంలో మన ఊళ్ళకి ఒక అదృష్టం ఉంది, విదేశాల వాళ్ళు రాసిన గైడ్లు చదివి మనం దాన్ని గుర్తించం. లండన్‌లో ఉండే మనవాళ్ళకి చంద్రుడు బాగా దక్షిణానికి దిగిన రోజుల్లో పది డిగ్రీల ఎత్తు కూడా సరిగ్గా రాడు, అంత కిందనుంచి చూస్తే గాలి పొర మందం, బొమ్మ ఉడికిపోతుంది. హైదరాబాద్‌లో ఎంత దక్షిణానికి దిగినా నడి ఆకాశానికి వచ్చేసరికి 43 డిగ్రీల పైనే ఉంటాడు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా శుక్ల అష్టమి చంద్రుడు సాయంత్రానికే దాదాపు నడినెత్తికి వచ్చేస్తాడు, మాకు ఏడాది మొత్తానికి మంచి ఫొటోలు వచ్చేది ఆ మూడు నెలల్లోనే, డాబ్‌ని సరిగ్గా నడినెత్తికి తిప్పడం ఇబ్బంది కాబట్టి ఓ గంట ఆగి తీస్తాను. డాబా స్లాబ్ పగలంతా తాగిన ఎండని రాత్రి కక్కుతుంది, ఏప్రిల్‌లో ఏడు గంటలకి తీసినదీ పదిన్నరకి తీసినదీ పక్కపక్కన పెడితే వేరే టెలిస్కోప్‌లతో తీసినట్టుంటాయి. సాయంత్రమే స్లాబ్ మీద నీళ్ళు చల్లడం, వీలైతే మట్టి నేల మీద పెట్టుకోవడం, పక్కింటి ఏసీ బయటి యూనిట్ మీదుగా చూడకుండా ఉండటం, ఇవన్నీ ఖర్చు లేనివే. బహుళ అష్టమి తెల్లవారుజామున లేవగలిగితే స్లాబ్ చల్లబడి ఉంటుంది, నా బొమ్మల్లో బాగా నిలకడగా ఉన్నవి కొన్ని ఆ వేళప్పుడే వచ్చాయి.

అయితే ఎవరికి ఏది? టెలిస్కోప్ కొత్త, పిల్లలకి చూపించాలి, అప్పుడప్పుడు ఒక ఫొటో, అయితే ఫోన్, మూడు మరల హోల్డర్, ఇంకేం వద్దు. ఇంట్లో ఇప్పటికే డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది, టెలిస్కోప్ రిఫ్రాక్టరో మాక్సుటోవో అయితే టీ-రింగ్ కొనండి, నిండు చంద్రుడి ఫొటోలకి దాన్ని మించింది లేదు. అదే డీఎస్‌ఎల్‌ఆర్, టెలిస్కోప్ న్యూటోనియన్ అయితే కొనేముందు ఎవరి దగ్గరన్నా అరువు తెచ్చుకుని ఫోకస్ అందుతుందో లేదో ఒక్కసారి చూసుకోండి. 130 ఎంఎం పైన టెలిస్కోప్ ఉంది, క్రేటర్ల మీద మనసు పడింది, లాప్‌టాప్ ముందు గంటలు కూర్చోవడం ఇష్టమే అయితే ప్లానెటరీ కెమెరా, ఆలోచించకండి. ధరలు నెలనెలా మారుతుంటాయి కాబట్టి అంకెలు రాయట్లేదు, కానీ హోల్డర్‌కీ ప్లానెటరీ కెమెరాకీ మధ్య ఖర్చు తేడా చాలా పెద్దది, ఆ ఖర్చు పెట్టేముందు ఫోన్ వీడియోతో కనీసం పది రాత్రులు పేర్చి చూడండి.

పదును పెట్టేటప్పుడు చెయ్యి ఆపుకోండి, రెజిస్టాక్స్‌లో స్లయిడర్ జరిపిన కొద్దీ క్రేటర్ అంచులు మెరుస్తూ ఆనందంగా ఉంటుంది, కానీ చంద్రుడి అంచున తెల్లటి దారం, నీడల్లో ఇసుక రేణువులు కనిపించాయంటే దాటిపోయారని అర్థం. నేను ఒక రాత్రి చేసినదాన్ని మర్నాడు పొద్దున మళ్ళీ చూసి సగం వెనక్కి తగ్గిస్తాను.

నన్ను ఎక్కువమంది అడిగేది చంద్రయాన్-3 దిగిన చోటు తీయగలమా అని. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి వెళ్ళి ఆగస్టు 23న దిగిన విక్రమ్ ల్యాండర్ రెండు మీటర్ల వస్తువు, మన టెలిస్కోప్ హద్దు కిలోమీటరు, కాబట్టి ల్యాండర్ కనిపించదు. ఆ ప్రాంతం మాత్రం తీయొచ్చు. దక్షిణంగా 69 డిగ్రీల దగ్గర, మాంజినస్ అనే వంద కిలోమీటర్ల క్రేటర్ పక్కన, అంచున ఉండటం వల్ల క్రేటర్లన్నీ నొక్కేసిన గిన్నెల్లా కోలగా కనిపిస్తాయి. శుక్ల సప్తమి, అష్టముల్లో, చంద్రుడి దక్షిణపు అంచు మనవైపు కాస్త వాలిన నెలలో, ముందు ఫోన్‌తో మొత్తం చంద్రుణ్ణి తీసి చోటు గుర్తుపెట్టుకుని, తర్వాత బార్లో పెట్టి మాంజినస్ దగ్గర నాలుగైదు వీడియోలు తీయండి. నాది మూడో నెలలో కుదిరింది.